టాల్క్ ప్రమాదమా అని అడిగితే సరిపోదు

2024 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, టాల్కం పౌడర్‌లో ఉండే టాల్క్‌ను ‘బహుశా క్యాన్సర్ కలిగించే’ పదార్థాల జాబితాలోకి ఎక్కించింది. అదే సమయంలో ఆసుపత్రుల్లో ఛాతీ వైద్యులు, క్యాన్సర్ వల్ల ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరి ఆయాసపడుతున్న రోగుల ఛాతీలోకి నాలుగైదు గ్రాముల టాల్క్‌ను చికిత్సగా పంపిస్తూనే ఉన్నారు. ఒకరు హెచ్చరిస్తున్న పొడిని మరొకరు మందుగా ఎలా వాడతారు? ఇందులో ఎవరూ తప్పు చేయడం లేదు. అది ఏ గని నుంచి వచ్చింది, దేనితో కలిసి వచ్చింది, రేణువు ఎంత చిన్నది, శరీరంలో ఏ చోటికి చేరుతోంది అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. వార్తల్లో ఈ ప్రశ్నలన్నీ ఒకే ముద్దగా కలిసిపోవడంతో చదివేవారికి భయం మిగులుతోంది కానీ స్పష్టత రావడం లేదు.

టాల్క్ గనుల్లో తవ్వి తీసే ఖనిజం. రసాయనికంగా మెగ్నీషియం సిలికేట్. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ స్కేలులో దీని విలువ 1, అంటే అన్నిటికన్నా మెత్తనిది. గోటితో గీసినా గీత పడుతుంది. బలపపు రాయిలో ప్రధానంగా ఉండేది ఇదే. సూక్ష్మస్థాయిలో ఇది పేక ముక్కల కట్టలా పలచని పొరల దొంతర. పొరకూ పొరకూ మధ్య పట్టు చాలా బలహీనం కాబట్టి కాస్త ఒత్తిడికే ఒకదానిమీద ఒకటి జారిపోతాయి. చర్మానికి తగిలే ఆ నునుపు అక్కడి నుంచి వచ్చిందే. పొర ఉపరితలానికి నీరు గిట్టదు, నూనె గిట్టుతుంది. అందువల్ల చెమటను పీల్చేస్తుందని దీనికి వచ్చిన పేరు కొంత అతిశయోక్తి. ఇది ఎక్కువగా చేసేది రాపిడి తగ్గించడం, జిడ్డును పట్టుకోవడం. కాంపాక్ట్, ఐషాడో, బ్లష్ లాంటి వాటిలో దీనికి గిరాకీ ఇందుకే: రంగు సమంగా పరుచుకుంటుంది, ముఖం జిడ్డుగా మెరవదు. నిజానికి సౌందర్య సాధనాలకు వెళ్లేది చిన్న వాటా. తవ్విన టాల్క్‌లో ఎక్కువ భాగం కాగితం, ప్లాస్టిక్, పెయింట్లు, పింగాణీ పరిశ్రమలకు పోతుంది.

చిక్కంతా ఈ ఖనిజం పుట్టుకలో ఉంది. మెగ్నీషియం సమృద్ధిగా ఉన్న శిలల్లోకి భూగర్భంలోని వేడి ద్రవాలు చొరబడి వాటిని మార్చినప్పుడు టాల్క్ ఏర్పడుతుంది. ఇంచుమించు అవే శిలల్లో, అవే పరిస్థితుల్లో ట్రెమొలైట్, ఆంథోఫిల్లైట్, క్రైసోటైల్ అనే ఖనిజాలు కూడా ఏర్పడతాయి. ఇవి నారల రూపంలో ఉన్నప్పుడు వాటినే ఆస్బెస్టాస్ అంటారు. ఈ నారలు ఊపిరితిత్తుల్లోకి చేరితే శరీరం వాటిని సులభంగా కరిగించలేదు, బయటికి నెట్టలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్, ఛాతీ పొరకు వచ్చే మెసోథీలియోమా, స్వరపేటిక క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ ఆస్బెస్టాస్ వల్ల వస్తాయన్న విషయంలో శాస్త్రవేత్తల మధ్య భేదాభిప్రాయం లేదు. నార లోపలికి చేరిన తర్వాత జబ్బు బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్లు పట్టవచ్చు. ప్రతి టాల్క్ గనిలోనూ ఆస్బెస్టాస్ ఉండదు. కానీ ఏ గనిలో ఉందో, అదే గనిలో ఏ పొరలో ఉందో చూసి తెలుసుకోవలసిందే. రాయిని పొడి చేశాక రెండిటినీ వేరు చేయడం ఎవరికైనా కష్టం.

చూసి తెలుసుకోవడం ఎలా అన్నదగ్గరే దశాబ్దాల వివాదం మొదలైంది. 1976లో అమెరికా సౌందర్య సాధనాల పరిశ్రమ తనకు తానుగా ఒక పరీక్షా విధానం పెట్టుకుంది. ఎక్స్‌రే వివర్తనం (స్ఫటికాలను తాకి ఎక్స్‌రేలు చెదిరే తీరును బట్టి ఖనిజాన్ని గుర్తించడం) మీద ఆధారపడిన ఆ పద్ధతి బరువులో సుమారు 0.5 శాతం కన్నా తక్కువ ఉన్న ఆస్బెస్టాస్‌ను పట్టుకోలేదు. వినడానికి 0.5 శాతం చిన్న సంఖ్యే. కానీ ఆస్బెస్టాస్ నార కంటికి కనిపించనంత సన్ననిది. ఒక గ్రాము పొడిలో ఆ పరిమితికి లోబడి కూడా లక్షలాది నారలు దాగి ఉండగలవు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అంతకన్నా ఎంతో తక్కువ మోతాదును చూడగలదు, కాకపోతే ఖర్చూ సమయమూ ఎక్కువ. పైగా కనిపించిన రేణువు నిజంగా ఆస్బెస్టాస్ నారా, లేక అదే ఖనిజపు విరిగిన పలుకా అని నిపుణులే వాదించుకుంటారు. ‘ఆస్బెస్టాస్ కనిపించలేదు’ అన్న నివేదిక చదివినప్పుడు ఏ పరికరంతో, ఎంతవరకు వెతికారు అని అడగడం చాదస్తం కాదు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అతి ముఖ్యమైన ప్రశ్న అదే. అతి తక్కువగా అడుగుతున్న ప్రశ్న కూడా.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2019లో చేయించిన పరీక్షల్లో 52 సౌందర్య సాధనాల నమూనాలలో 9 నమూనాల్లో ఆస్బెస్టాస్ దొరికింది. ఆ తర్వాతి ఏళ్ల సర్వేల్లో పరీక్షించిన నమూనాల్లో దొరకలేదు. ఈ రెండు ఫలితాలూ కలిపి చూస్తే అన్ని డబ్బాలూ విషమని చెప్పలేం, అన్నీ శుభ్రమనీ చెప్పలేం.

ఈ వ్యవహారమంతా జనం నోట పడింది కోర్టుల వల్ల. 1890లలో పిల్లల పౌడర్‌ను మార్కెట్‌లోకి తెచ్చిన జాన్సన్ అండ్ జాన్సన్‌పై వేల సంఖ్యలో మహిళలు దావాలు వేశారు. 2018లో సెయింట్ లూయిస్ నగర న్యాయస్థానంలో జ్యూరీ 22 మంది ఫిర్యాదుదారులకు 469 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పు చెప్పింది. అప్పీలులో అది సుమారు 212 కోట్లకు తగ్గింది. 2018 డిసెంబరులోనే రాయిటర్స్ వార్తా సంస్థ, 1970ల నుంచి 2000ల తొలినాళ్ల వరకు కొన్ని పరీక్షల్లో స్వల్పంగా ఆస్బెస్టాస్ బయటపడిన సంగతి కంపెనీకి తెలుసని పత్రాల ఆధారంగా రాసింది. కంపెనీ దాన్ని ఖండించింది. తన పౌడర్ సురక్షితమని, అందులో ఆస్బెస్టాస్ లేదని ఈనాటికీ అంటోంది. 2020లో అమెరికా, కెనడాల్లో టాల్క్ పౌడర్ అమ్మకం ఆపేసింది. 2023 నుంచి ప్రపంచమంతటా మొక్కజొన్న పిండితో చేసిన పౌడర్‌కు మారుతామని 2022లో ప్రకటించింది. దావాల భారాన్ని వేరే అనుబంధ సంస్థ మీదికి మళ్లించి దివాలా చట్టం ద్వారా పరిష్కరించుకోవాలని మూడుసార్లు ప్రయత్నించగా మూడుసార్లూ కోర్టులు ఒప్పుకోలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. జ్యూరీ తీర్పు శాస్త్రీయ నిర్ధారణ కాదు. ఒక వ్యక్తికి జరిగిన నష్టానికి బాధ్యులెవరని తేల్చడానికి కోర్టుకు కావలసిన రుజువు వేరు, ఒక పదార్థం జబ్బు తెస్తుందని తేల్చడానికి ప్రయోగశాలకు కావలసిన రుజువు వేరు.

ఆస్బెస్టాస్ లేని స్వచ్ఛమైన టాల్క్ సంగతేమిటి? అసలు తర్జనభర్జన ఇక్కడే. 1971లో బ్రిటన్ పరిశోధకులు అండాశయ కణితుల్లో టాల్క్ రేణువులను చూశామని రాశారు. 1982లో అమెరికాలో డేనియల్ క్రేమర్ బృందం, జననాంగాల దగ్గర పౌడర్ వాడిన మహిళల్లో అండాశయ క్యాన్సర్ దాదాపు రెట్టింపు కనిపించిందని ప్రకటించింది. ఆ తర్వాత వచ్చిన ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే పెరుగుదల 20 నుంచి 30 శాతం వరకు తేలుతోంది. వీటిలో జరిగేదేమిటంటే, క్యాన్సర్ వచ్చినవారిని, రానివారిని కూర్చోబెట్టి గతంలో పౌడర్ ఎంత వాడారని అడుగుతారు. లోపం కూడా అందులోనే ఉంది. జబ్బు పడ్డ మనిషి కారణం కోసం తన గతాన్ని తవ్వుకుంటుంది. పౌడర్ గురించి వార్తలు చదివి ఉంటే ఇంకా ఎక్కువగా గుర్తు తెచ్చుకుంటుంది. అమెరికాలో నల్లజాతి మహిళలపై జరిగిన ఒక అధ్యయనంలో, దావాల వార్తలు వ్యాపించిన 2014 తర్వాత ఇంటర్వ్యూ చేసినవారిలో పౌడర్‌కూ క్యాన్సర్‌కూ సంబంధం మరింత బలంగా కనిపించింది. జ్ఞాపకం కూడా ఒక కొలత పరికరమే. వార్తలు దాని ముల్లును కదిలించగలవు.

ఈ లోపాన్ని తప్పించే మరో మార్గం, ఆరోగ్యంగా ఉన్నప్పుడే అలవాట్లు రాసిపెట్టుకుని ఏళ్ల తరబడి గమనించడం. అలాంటి నాలుగు పెద్ద అధ్యయనాల సమాచారాన్ని కలిపి 2020లో ఒక విశ్లేషణ వచ్చింది. అందులో 2,52,745 మంది మహిళలు ఉన్నారు, వారిలో 2,168 మందికి అండాశయ క్యాన్సర్ వచ్చింది. పౌడర్ వాడినవారిలో ప్రమాదం 8 శాతం ఎక్కువ కనిపించింది, కానీ అది యాదృచ్ఛికం కాదని చెప్పేంత బలంగా లేదు. గర్భాశయం, అండవాహికలు యథాతథంగా ఉన్నవారిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే అది 13 శాతానికి చేరి, గణాంకపరంగా కాస్త నిలబడింది. పొడి కింది నుంచి అండవాహికల గుండా పైకి పాకుతుందన్న ఊహకు ఇది సరిపోయే ఫలితమే, అయినా పలచని ఆధారం. 2024లో ఆ విశ్లేషణకు నేతృత్వం వహించిన పరిశోధకురాలి బృందమే, జ్ఞాపకాల లోపాన్ని రకరకాలుగా సవరించి లెక్కిస్తే కూడా సంబంధం మిగిలే ఉందని చూపింది. వాదన ముగియలేదు, కానీ తక్కెడ మునుపటికన్నా అనుమానం వైపు మొగ్గిందని నేను అనుకుంటున్నాను.

శాతాల విషయంలో ఒక చిన్న లెక్క వేసుకుంటే మంచిది. అమెరికా గణాంకాల ప్రకారం వెయ్యి మంది మహిళల్లో జీవితకాలంలో అండాశయ క్యాన్సర్ వచ్చేది సుమారు 12 మందికి. సంబంధం నిజమే అనుకుని 30 శాతం కలిపితే ఆ సంఖ్య 15, 16 అవుతుంది. ఒక మనిషికి ఇది చిన్న పెరుగుదల. కోట్లమంది వాడే వస్తువుకు చిన్నది కాదు. ఈ రెండు వాక్యాలూ ఒకేసారి నిజమే, ఒకదాన్ని వినిపించి రెండోదాన్ని దాచేవాళ్లు ఇరుపక్షాలా ఉన్నారు.

ఇక 2024 వర్గీకరణ. అది మూడు కాళ్ల మీద నిలబడింది: మనుషుల్లో పరిమిత ఆధారాలు, జంతువుల్లో తగినన్ని ఆధారాలు, కణాల స్థాయిలో టాల్క్ దీర్ఘకాలిక వాపును, క్యాన్సర్‌కు దారితీసే మార్పులను కలిగిస్తుందన్న బలమైన ఆధారాలు. 2006లో ఇదే సంస్థ జననాంగాల దగ్గరి వాడకాన్ని ‘క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు’ అన్న కింది మెట్టు మీద ఉంచింది. ఇప్పుడు మొత్తం టాల్క్‌నే ఒక మెట్టు పైకి జరిపింది. ఈ మెట్లు చెప్పేది ఆధారం ఎంత గట్టిదో మాత్రమే, ప్రమాదం ఎంత పెద్దదో కాదు. అదే మెట్టు మీద ఎర్ర మాంసం, రాత్రి షిఫ్టు పని, 65 డిగ్రీలకు మించి వేడిగా ఉన్న పానీయాలు కూడా ఉన్నాయి. యూరప్ రసాయనాల సంస్థ నిపుణుల కమిటీ సైతం 2024 సెప్టెంబరులో టాల్క్‌ను క్యాన్సర్ కారకంగా వర్గీకరించాలని అభిప్రాయపడింది.

క్యాన్సర్ చర్చ హోరులో వినపడకుండా పోయినది పసిపిల్లల ఊపిరి. అక్కడ భిన్నాభిప్రాయాలు దాదాపు లేవు. డబ్బా ఊపినప్పుడు లేచే టాల్క్ మేఘంలోని సన్నని రేణువులు పసివాళ్ల సన్నని శ్వాసనాళాల లోతుల్లోకి పోతాయి. నీటికి తడవని పొడి కాబట్టి అక్కడి తడి దాన్ని కరిగించి బయటకు తేలేదు. చేతిలో ఆడుకుంటున్న డబ్బా మూత ఊడి ముఖం మీద పడి, శ్వాస ఆగి చనిపోయిన శిశువుల ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం వాడవద్దని ఏళ్లుగా చెబుతోంది. యూరప్‌లో మూడేళ్లలోపు పిల్లల పొడులపై ‘ముక్కుకు, నోటికి దూరంగా ఉంచండి’ అన్న హెచ్చరిక తప్పనిసరి. టాల్క్ గనుల్లో, మిల్లుల్లో ఏళ్లపాటు దుమ్ము పీల్చిన కార్మికులకు ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు రావడం ఎప్పటి నుంచో తెలిసినదే. 1972లో ఫ్రాన్స్‌లో 36 మంది శిశువులు ఒక పౌడర్ వల్ల చనిపోయారు, కానీ అందుకు టాల్క్‌ను నిందించలేం: పొరపాటున అందులో హెక్సాక్లోరోఫీన్ అనే క్రిమిసంహారిణి సుమారు 6 శాతం మేర కలిసింది, అది పసి చర్మం గుండా మెదడుకు చేరింది.

ఆసుపత్రిలో టాల్క్ కథ దీనికి తలకిందులు. ఒకప్పుడు శస్త్రచికిత్స చేతి తొడుగులు సులభంగా ఎక్కడానికి లోపల టాల్క్ చల్లేవారు. అది రోగి కడుపులో రాలి, శరీరం దాన్ని కరిగించలేక చుట్టూ గట్టి గడ్డలు కట్టడం, పేగులు ఒకదానికొకటి అతుక్కుపోవడం చూశాక మొక్కజొన్న పిండికి మారారు. పిండి కూడా పూర్తిగా అమాయకమైనది కాదని తేలి, అమెరికా 2016 డిసెంబరులో పొడి చల్లిన తొడుగులనే నిషేధించింది. అయితే ఆ అతుక్కుపోయే గుణమే ఛాతీలో వరమైంది. ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ మధ్య రెండు పొరలుంటాయి. క్యాన్సర్ వల్ల వాటి మధ్య పదేపదే నీరు చేరుతుంది. నీరంతా తీసేసి అక్కడ శుద్ధి చేసిన టాల్క్ చల్లితే, అది కావాలనే పుట్టించిన వాపుతో పొరలు రెండూ అతుక్కుపోతాయి. నీరు చేరడానికి ఖాళీ ఉండదు. ప్లూరోడెసిస్ అనే ఈ చికిత్సకు టాల్క్‌ను తొలిసారి వాడినది కెనడా సర్జన్ నార్మన్ బెథూన్, 1935లో. జ్వరం, ఛాతీ నొప్పి ఒకటి రెండు రోజులు సాధారణం. కొందరికి మాత్రం ప్రాణాంతకంగా ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. రేణువులు మరీ చిన్నవైతే రక్తంలోకి జారి శరీరమంతా తిరుగుతాయని గుర్తించి, చిన్న రేణువులను తొలగించిన టాల్క్ వాడటం మొదలుపెట్టారు. అలాంటి టాల్క్‌తో యూరప్‌లో, దక్షిణాఫ్రికాలో కలిపి 558 మందికి చికిత్స చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఆ తీవ్ర సమస్య ఒక్కరికీ రాలేదు. మరి క్యాన్సర్ భయం? ఛాతీలో గాలి చేరే జబ్బుకు ఇలాంటి చికిత్స పొందిన 210 మందిని 14 నుంచి 40 ఏళ్ల తర్వాత బ్రిటన్ వైద్యులు పరిశీలించినప్పుడు ఒక్క మెసోథీలియోమా కూడా కనబడలేదు. ముదిరిన క్యాన్సర్‌తో ఆయాసపడుతున్న మనిషి వార్తలు చూసి ఈ చికిత్సను వద్దనుకుంటే నష్టపోయేది ఆ మనిషే.

మాత్రల్లో కూడా టాల్క్ ఉంటుంది, యంత్రానికి అంటుకోకుండా చూడటానికి. నోటి ద్వారా పోయేది పేగుల నుంచి రక్తంలోకి దాదాపు చేరదు. మత్తు కోసం మాత్రలను నూరి నరంలోకి ఎక్కించుకునేవారి ఊపిరితిత్తుల్లో, కంటిపాప వెనుక రేణువులు ఇరుక్కుపోవడం మాత్రం వైద్యులకు పరిచయమైన దృశ్యం.

ఇంట్లో వాడకం విషయానికి వస్తే నా లెక్క సూటిగా ఉంటుంది. జననాంగాల దగ్గర పౌడర్ చల్లుకోవడం వల్ల వైద్యపరంగా ఒరిగేది ఏమీ లేదు. మానేస్తే పోయేదీ లేదు. ప్రయోజనం సున్నా అయినప్పుడు ప్రమాదం చిన్నదా పెద్దదా అని తేలేదాకా ఆగడమెందుకు? పసిపిల్లలకూ అంతే, డైపర్ పుండ్లకు జింక్ ఆక్సైడ్ పూత, తరచూ మార్చడం పౌడర్‌కన్నా మేలు. బొడ్డు, గాయాలు, ఒరిసిన చర్మం మీద టాల్క్ చల్లకూడదు. ముఖానికి వాడే కాంపాక్ట్, ఐషాడోలలో గాల్లోకి లేచేది చాలా తక్కువ, కాబట్టి అక్కడ నేను కంగారు పడను; విడి పొడిని పెద్ద బ్రష్‌తో మూసిన గదిలో దులుపుకోవడం వేరే సంగతి. ‘టాల్క్ రహితం’ అని రాసిన డబ్బాలో ఉండేది చాలావరకు మొక్కజొన్న పిండే. దానికి ఆస్బెస్టాస్ బెడద లేదు, కానీ పసివాళ్ల ఊపిరిలోకి పోతే అదీ పొడే.

ఏళ్లతరబడి వాడినవారు ఇప్పుడు పరీక్షలు చేయించుకోవాలా అని అడుగుతారు. లక్షణాలేవీ లేని మహిళలకు అండాశయ క్యాన్సర్‌ను ముందే పట్టుకుని ప్రాణం కాపాడుతుందని రుజువైన పరీక్ష ప్రస్తుతం లేదు. బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా మహిళలను తీసుకుని, వారిలో సగం మందికి ఏటా రక్తపరీక్ష లేదా అల్ట్రాసౌండ్ చేసి మిగతావారితో పోల్చి చూసిన అధ్యయనం 2021లో వెల్లడించిన ఫలితం ప్రకారం మరణాలు తగ్గలేదు. అనవసర శస్త్రచికిత్సలు మాత్రం జరిగాయి. తల్లికి, అక్కచెల్లెళ్లకు ఈ క్యాన్సర్ వచ్చిన కుటుంబాలకు జన్యు సలహా అవసరమవుతుంది, అది పౌడర్‌తో సంబంధం లేని విషయం. మిగతావారు గమనించవలసినవి కొన్ని: వారాల తరబడి తగ్గని కడుపు ఉబ్బరం, కొద్దిగా తినగానే నిండిపోయినట్టు అనిపించడం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం. ఇవి కొత్తగా మొదలై దాదాపు రోజూ ఉంటే, పౌడర్ వాడినా వాడకపోయినా స్త్రీల వైద్య నిపుణులను కలవాలి.